రన్‌వే మీద కొయ్యగంట

నా ఉద్యోగ జీవితంలో నాకు రెండు సన్మానాలు జరిగాయి. ఒకటి రిటైరైన రోజున. శాలువా కప్పారు, గోడగడియారం ఇచ్చారు, నా ఇంటిపేరు తప్పు చదివారు. రెండోది అంతకు చాలా ఏళ్ళ ముందు అరకు కొండల్లో జరిగింది. ఆ రోజు నా నెత్తిన కుండెడు పేడనీళ్ళు పోశారు. గోడగడియారం ఆర్నెల్లకే ఆగిపోయింది. పేడనీళ్ళు మాత్రం ఇప్పటికీ పనిచేస్తూనే ఉన్నాయి.

విమానం నడపడం నేర్చుకునే పిల్లలు, వాళ్ళని కింద నుంచి కనిపెట్టుకుని ఉండే ఉద్యోగాల్లోకి కొత్తగా వచ్చినవాళ్ళు అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తుంటారు. "మీ అనుభవం ఒకటి చెప్పండి మాస్టారూ" అంటారు. ఏదో పెద్ద ప్రమాదాన్ని నేను ఆపేసిన కథ చెబుతానని వాళ్ళ ఆశ. అలాంటిది నా దగ్గర లేదు. ప్రమాదాన్ని దాదాపు నా చేతులతో నేనే తయారుచేసిన కథ ఒకటుంది. ఉన్నదే చెబుతాను.

తొంభైల చివరి మాట. మా ఫ్లయింగ్ క్లబ్బు కింద మైదానంలో ఉండేది. అక్కడి విమానాశ్రయంలో పెద్ద విమానాలు వచ్చిపోతుంటే మా రెండు సీట్ల బుల్లి విమానాలు ఎండలో పడిగాపులు కాసేవి. దిగడం నేర్చుకోవాలంటే వందసార్లు దిగాలి కదా, మాకేమో రోజుకి నాలుగుసార్లు దిగే వీలుంటే గొప్ప. అందుకని అరకు లోయ పక్కన ఎవరో ఎప్పుడో వేసి వదిలేసిన పాత రన్‌వే ఒకటి బాగుచేయించి, ఏటా మాఘం నుంచి చైత్రం దాకా అక్కడ క్యాంపు పెట్టేవాళ్ళం. పొద్దున్నే మంచు విడిచేదాకా టీలు తాగడం, విడిచాక ఎగరడం, పదకొండు దాటి కొండగాలి లేచేసరికి ఆపేయడం. అంతే పని.

ఆ రన్‌వేకి ఒక చివర మా రేకుల షెడ్డు. మధ్యలో ఎద్దు మూపురంలా ఒక మిట్ట. మిట్ట దాటాక పల్లం. షెడ్డు దగ్గర నిలబడినవాడికి మిట్ట అవతల ఏముందో కనపడదు. విమానం షెడ్డు వైపు నుంచి వచ్చి దిగి, మిట్ట ఎక్కి, పల్లంలోకి జారి ఆగేది. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరం పడుతుంది.

నేను సేఫ్టీ ఆఫీసర్ని. విమానం నడపడం నాకు రాదు. నడిపేవాళ్ళకి అడ్డేదీ రాకుండా చూడటం నా పని. ఒక ఎర్రజెండా, ఒక పచ్చజెండా, నలుగురు తోస్తే స్టార్టయ్యే జీపు, ఒక రిజిస్టరు. ఇవీ నా ఆయుధాలు. సిబ్బంది ఒక్కడు, పక్క ఊరి బారికి. ఊరిపెద్దల మాట ఇంటింటికీ చాటేవాణ్ణి అక్కడ బారికి అంటారు. యాభై దాటిన మనిషి. పొద్దున్నే డప్పు కొట్టుకుంటూ రన్‌వే పొడవునా నడిచి, పశువుల్ని తోలి, ఎండబోసిన చోళ్ళు, అంటే రాగులు, తీయించి వచ్చేవాడు. అతను వచ్చి "నేదు బాబూ, ఏటీ నేదు" అన్నాక నేను జీపులో ఒకసారి చివరిదాకా వెళ్ళి కళ్ళారా చూసుకుని, మిట్ట మీదికి తిరిగొచ్చి పచ్చజెండా ఊపాలి. అప్పుడే విమానం లేవాలి. రూలు అది. రాసింది నేనే.

మా చీఫ్ ఇన్‌స్ట్రక్టరుది పెద్ద మీసం, పెద్ద గొంతు, మంచి మనసు. ఆయన దింపితే నేల తగిలిన సంగతి విమానంలో ఉన్నవాళ్ళకి కూడా తెలిసేది కాదు. తనకి సులువుగా వచ్చింది ఇంకొకరికి కష్టమంటే మాత్రం నమ్మేవాడు కాదు.

గో-అరౌండ్ అనే మాట మీలో చాలామందికి తెలుసు. తెలియనివాళ్ళకి ఒక్క ముక్కలో చెబుతాను. దిగడానికి కిందికి వస్తున్నప్పుడు ఏదో తేడా కొడితే, అంటే ఎత్తు ఎక్కువైనా, గాలి పక్కకి నెట్టినా, దారిలో ఆవు నిలబడినా, దిగకుండా ఇంజను జోరు పెంచి మళ్ళీ పైకి వెళ్ళిపోవాలి. ఒక చుట్టు తిరిగి మళ్ళీ రావాలి. ఇంతకు మించిన మంచి అలవాటు లేదని పుస్తకాల్లో రాసి ఉంటుంది. ఆ పుస్తకాలు మా షెడ్డులోనూ ఉండేవి. పొట్టికాలు బల్ల కింద ఎత్తు పెట్టుకున్నాం.

మా క్యాంపులో గో-అరౌండ్ అంటే నామోషీ. ఎవడైనా చేశాడంటే చీఫ్ "పెళ్ళిచూపులకి వచ్చి గుమ్మం దగ్గర్నుంచే పారిపోయాడు" అనేవాడు. అందరం పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళం. అక్కడితో ఆగినా బాగుండేది. ఒక శుక్రవారం సంతలో నాకు కొయ్యగంట ఒకటి కనపడింది. అడవిలో మేసే గొడ్డు మెడలో కట్టేది. లోపల కర్ర నాలుకలుంటాయి, కదిలితే లొటలొటమంటుంది. సరదాపడి కొనుక్కొచ్చాను. చీఫ్ దాన్ని చూసి చిన్నపిల్లాడిలా గంతేశాడు. ఆ రోజు నుంచి గో-అరౌండ్ చేసినవాళ్ళు భోజనాల దగ్గర ఆ గంట మెడలో వేసుకుని కూర్చోవాలన్నది ఆచారమైపోయింది. ముద్ద నోట్లో పెట్టుకుంటే లొట. మంచినీళ్ళు తాగితే లొట. 'ఈ ఐడియా ఎవరిది?' అని ఎవరైనా అడిగితే నేను వినయంగా తల వంచేవాణ్ణి. సేఫ్టీ ఆఫీసర్ని కదా!

ఆ ఏడు క్యాంపులో ఆరుగురు పిల్లలు. ఐదుగురు మగపిల్లలు, ఒక అమ్మాయి. అమ్మాయిది కొత్తవలస వైపు ఊరు. తండ్రి రైల్వేలో గేట్‌మ్యాన్. స్కాలర్‌షిప్పు మీద వచ్చింది. క్యాంపు ముగిసేలోగా సోలో చేయాలి, అంటే పక్కన గురువు లేకుండా ఒంటరిగా ఎగిరి, ఒక చుట్టు తిరిగి దిగాలి. లేకపోతే స్కాలర్‌షిప్పు పోతుంది. అది పోతే ఇంటికి వెళ్ళిపోవడమే. ఆ సంగతి అందరికీ తెలుసు, తనకి అందరికంటే బాగా తెలుసు.

మొదటి రెండు వారాల్లో గంట ఎక్కువసార్లు ఆ అమ్మాయి మెడలోనే ఉంది. పిరికితనం వల్ల కాదు. తనకి చూపు ఎక్కువ. గాలి ఎటు వీస్తోందో చూపే గాలిసంచి కాస్త పక్కకి తిరిగినా గమనించేది, తేడా అనిపిస్తే వెళ్ళిపోయేది. కుర్రాళ్ళు 'గంటమ్మా' అని పిలవడం మొదలుపెట్టారు. ఒకరోజు టీ దగ్గర నాతో అంది, "మా నాన్న గేటు పడకపోతే రైలుని ఆపేస్తారు మాస్టారూ. ఎంత పెద్ద రైలైనా నిలబడాల్సిందే. రైలు మెడలో గంటెవరూ కట్టరు కదా?" నేను నవ్వేసి, "రైలుకి మెడ ఎక్కడుందమ్మా" అన్నాను. అప్పట్లో నాకు అది పెద్ద చమత్కారంలా అనిపించింది.

మూడో వారం నుంచి ఆ అమ్మాయి గో-అరౌండ్ చేయడం మానేసింది. ఎత్తుగా వచ్చినా దిగేది, వంకరగా వచ్చినా దిగేది. విమానం నేలని తాకి ఎగిరి, మళ్ళీ తాకి, మళ్ళీ ఎగిరి, మూడోసారికి కుదురుకునేది. చీఫ్ మురిసిపోయి "ఇప్పుడొచ్చింది ధైర్యం!" అన్నాడు. నేను రిజిస్టర్లో 'సంతృప్తికరం' అని రాశాను. ఒకసారి టైరు అంచు చిట్లింది. టైరు మార్పించి, దాని పక్కన కూడా సంతృప్తికరం అనే రాశాను.

బారికి మాత్రం తల అడ్డంగా ఊపాడు. ఆడపిల్లని అక్కడ గుంట అంటారు. "ఏటి బాబూ, ఆ గుంట ఇమానాన్ని మేకపిల్లని గెంతించినట్టు గెంతించేత్తంది! మునుపు సక్కగా సూసుకునీది గదా?"

"ధైర్యం వచ్చిందయ్యా."

"దయిర్యమా? అది దయిర్యం కాదు బాబూ, సిగ్గు" అని డప్పు చంకనేసుకుని వెళ్ళిపోయాడు. నాకు కోపం వచ్చింది. నాకు తెలిసిన సంగతే ఇంకొకడు చెబితే ఎవరికైనా వస్తుంది.

అప్పట్లోనే ఇంకో మంచిపని చేశాను. ఘాట్ రోడ్డు మీద కల్వర్టు పని మొదలై, సంతకి వెళ్ళే జీపులు దారిలేక నిలిచిపోయాయి. డ్రైవర్లు వచ్చి బతిమాలితే, మేం ఎగరని వేళల్లో రన్‌వే చివరి పల్లం మీంచి అడ్డంగా వెళ్ళండని ఒప్పుకున్నాను. ఉప్మాలో జీడిపప్పు వేయించుకున్నంత తేలిగ్గా ఇచ్చేశాను ఆ పర్మిషను.

ఇటుకల పండగ వచ్చింది. చైత్రంలో ఏజెన్సీ ఊళ్ళన్నిటికీ అదే పెద్ద పండగ. మగవాళ్ళంతా వేటకి అడవిలోకి వెళతారు. ఆ రోజుల్లో రాజ్యం ఆడవాళ్ళదే. దారికి అడ్డంగా వెదురుబొంగు కట్టి, వచ్చేపోయేవాళ్ళ దగ్గర మామూలు వసూలు చేస్తారు, ఇవ్వనివాళ్ళ చేత ఆడిస్తారు. మా బారికి సెలవడగడానికి భోజనాల వేళ షెడ్డుకి వచ్చాడు.

"రేపు ఏటకెల్లాల బాబూ. సాయంత్రానికి ఒచ్చెత్తాను."

"వేటలో ఏమీ దొరక్కపోతే?" అన్నాడు చీఫ్ సరదాగా.

"దొరక్కపోతే ఏటుంది, పేడనీల్లే! కాళీ సేతుల్తో ఒచ్చినోడికి ఊరి మొగదల ఆడోల్లు కుండల్తో పోసెత్తారు."

చీఫ్ బల్ల గుద్ది నవ్వాడు. "విన్నారా మాస్టారూ! మన గంటకంటే వీళ్ళ పద్ధతే బాగుంది. ఖాళీ చేతులతో తిరిగొస్తే పేడనీళ్ళు!" నేనూ నవ్వాను. అవతల బల్ల దగ్గర ఆ అమ్మాయి కంచం ముందు అలాగే కూర్చుండిపోయింది. మర్నాడే తన సోలో. క్యాంపుకి ఇంక మూడు రోజులే మిగిలాయి.

మర్నాడు ఆకాశం తేటగా ఉంది. బారికి లేడు. డప్పు లేదు. చివరిదాకా వెళ్ళి చూసిరావలసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఇక్కడ నా తప్పు సరిగ్గా చెప్పాలి, ఎందుకంటే మీలో సగంమంది ఈపాటికే దీన్ని చేస్తూ ఉంటారు. కొన్నాళ్ళుగా నేను జీపుని మిట్ట మీద ఆపి, అక్కడ్నుంచే పల్లంలోకి ఒక చూపు చూసి, ముందు పచ్చజెండా ఊపేసి, ఆ తర్వాత తీరిగ్గా చివరిదాకా వెళ్ళి చూసొస్తున్నాను. ముందు సంతకం, తర్వాత తనిఖీ. ఏ ఆఫీసులో లేదు చెప్పండి. రోజూ ఏమీ ఉండేది కాదు కనక ఆ రోజూ ఉండదనుకున్నాను.

జెండా ఊపాను. షెడ్డు దగ్గర చీఫ్ విమానంలోంచి దిగి, అమ్మాయి భుజం తట్టి తలుపు వేశాడు. నేను జీపుని పల్లంలోకి దింపాను. పల్లం చివర చెట్ల నీడలోంచి ఇరవైమంది ఆడవాళ్ళు బిలబిలమంటూ వచ్చి, రన్‌వేకి అటొక గుంజ ఇటొక గుంజ పాతి, మధ్యలో ఇంత పొడుగు వెదురుబొంగు కట్టేశారు. అదే క్షణంలో విమానం లేచి మా నెత్తి మీంచి పోయింది. లేచేటప్పుడు ముక్కు పైకుంటుంది, కింద ఏముందో కనపడదు. ఆడవాళ్ళు దానికి చేతులూపారు.

వాళ్ళకి పెద్ద ఒక ముసలమ్మ. చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని కాల్చేది, అడ్డపొగ అంటారు. ఆ నిప్పుతోనే మాట్లాడేది కూడా.

"ఏటి బాబూ, బేగి బేగి ఎక్కడికి? పండగ. మామూలిచ్చి ఎల్లు."

"అమ్మా, తియ్యండి! ఇది రోడ్డు కాదు, రన్‌వే. విమానం దిగుతుంది!"

"రోడ్డు కాదా? జీపులెల్తన్నాయి గదా! నువ్వే ఎల్లమన్నావంట. జీపులెల్లీది రోడ్డు కాకపోతే మరేటి?"

 జేబులు తడుముకున్నాను. పర్సు షెడ్డులో ఉంది.

"డబ్బుల్నేవా? అయితే ఆడు" అంది ముసలమ్మ. ఆడకుండా వదిలిపెట్టేలా లేరు. రెండడుగులు వేసేస్తే పోతుంది కదా, విమానం చుట్టు తిరిగి రావడానికి ఆరేడు నిమిషాలు పడుతుంది కదా అనుకున్నాను. థింసా మీరు చూసే ఉంటారు. వీపు వెనక ఒకరి చేతులు ఒకరు గట్టిగా పట్టుకుని గొలుసులా ఆడతారు. గొలుసులోకి వెళ్ళడం మన చేతిలో ఉంటుంది, రావడం ఉండదు. నా ఎడమపక్క మిరియాల తోటలో మూటలు మోసే మనిషి. కుడిపక్క ఆవిడ అక్క. నా ఎర్రజెండా జీపులో ఉంది. నేను మూడడుగులు ముందుకీ రెండడుగులు వెనక్కీ వేస్తూ "అమ్మా, విమానం! అమ్మా, విమానం!" అని అరుస్తున్నాను. అదేదో పాట అనుకుని వాళ్ళు అందుకున్నారు.

అప్పుడు షెడ్డుకీ విమానానికీ మధ్య రేడియోలో ఏం జరిగిందో చీఫ్ తర్వాత చెప్పాడు. 

"ఎత్తు బాగుంది, దిగు. ఈరోజు గంట లేదు నీకు. దిగు" అన్నాడట.

"సార్, మిట్ట అవతల మనుషులున్నారు. గో-అరౌండ్ చేస్తాను."

"రన్‌వే క్లియర్. సేఫ్టీ ఆఫీసరు పచ్చజెండా ఊపారు."

"సార్, సేఫ్టీ ఆఫీసరు గారు కూడా అక్కడే ఉన్నారు. డాన్స్ చేస్తున్నారు."

 భయానికి పిల్లకి మతి చలించిందనుకున్నాడట చీఫ్, పాపం. బుజ్జగిస్తూ, "నువ్వు దిగమ్మా. దిగి మంచినీళ్ళు తాగుదువుగాని" అన్నాడట.

"లేదు సార్. పైకి వెళ్తున్నాను."

మిట్ట మీంచి ఇంజను మోత ఒక్కసారిగా లేచింది. విమానం పొట్ట, చక్రాలు, వాటికంటిన దుమ్ము కూడా కనిపించేంత దగ్గరగా మా మీంచి పోయింది. గొలుసు తెగింది. నేను బోర్లా పడ్డాను. ఆడవాళ్ళు చీరకొంగులు ఊపుతూ కేకలు పెట్టారు. ముసలమ్మ ఉన్నచోటే నిలబడి, "మల్లీ రమ్మను!" అంది.

"మళ్ళీ వస్తుందమ్మా! అందుకే చెబుతున్నాను, బొంగు తియ్యండి!"

"పండగ అడ్డు ఊరికినే తియ్యకూడదు బాబూ, ఊరికి కీడు. ఏదోటి ఇవ్వాల."

నా దగ్గర ఏముంది? జీపు దగ్గరికి పరుగెత్తి ఎర్రజెండా తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాను. విమానాన్ని ఆపడానికి ప్రభుత్వం గుర్తించిన వస్తువుని, విమానం నెత్తి మీద తిరుగుతుండగా, లంచంగా ఇచ్చేశాను. ఆవిడ గుడ్డని నలిపి చూసి, బాగుందని తల ఊపి, బొంగు విప్పమంది. విప్పేసరికి రెండోసారి కూడా వచ్చి, చూసి, వెళ్ళిపోయింది ఆ అమ్మాయి. ఈసారి చీఫ్ దిగమనలేదు. మిట్ట మీదికి పరుగెత్తి వచ్చి, మమ్మల్ని చూసి, నెత్తి మీద చేతులు పెట్టుకుని నిలబడిపోయాడు.

"లోన ఎవుడున్నాడు?" అంది ముసలమ్మ, గుంజలు పీకుతూ.

"ఎవడూ కాదమ్మా. ఒక అమ్మాయి. ఒక్కతే ఉంది."

"గుంటా? మరి దిగకుండా ఎనక్కి ఎల్లిపోతందేటి?"

"దిగితే ఈ పల్లంలోకి వచ్చాక గానీ ఆగదమ్మా. మీ మీదికి వచ్చేస్తుంది. అందుకని వెళ్ళిపోయింది."

ముసలమ్మ చుట్ట నోట్లోంచి తీసింది. ఆ ఊళ్ళో నేను గడిపిన ఏడు క్యాంపుల్లో ఆవిడ మాట్లాడటానికి చుట్ట తీయడం నేను చూసింది ఆ ఒక్కసారే. వెనక్కి తిరిగి నవ్వుతున్న కోడళ్ళనీ కూతుళ్ళనీ ఒక్కొక్కరినే చూసింది. తర్వాత అందర్నీ చెట్లలోకి తోలుకుపోయింది.

మూడోసారి ఆ అమ్మాయి దిగింది. చక్రాలు నేలని తాకిన చప్పుడు నాకు వినపడలేదు.

సోలో చేసి వచ్చినవాళ్ళ మీద ఒక బకెట్టు నీళ్ళు పోయడం మా లోకంలో ఆచారం. కుర్రాళ్ళు బకెట్టుతో సిద్ధంగా ఉన్నారు. ఆ అమ్మాయి విమానం దిగి, వాళ్ళని దాటుకుని షెడ్డులోకి వెళ్ళి, మేకుకి వేలాడుతున్న కొయ్యగంట తీసి తనే మెడలో వేసుకుని బెంచీ మీద కూర్చుంది. లొట అంది గంట. ఎవరూ నవ్వలేదు.

"తీసెయ్యమ్మా" అన్నాడు చీఫ్.

"రెండుసార్లు చేశాను కదా సార్." వెటకారం లేదు ఆ గొంతులో.  "నా సోలో లెక్కలోకి వస్తుందా సార్? ఇంటికి వెళ్ళిపోమంటారా?"

ఇరవైమంది ప్రాణాలు కాపాడి వచ్చిన పిల్ల తను తప్పు చేశాననుకుంటోంది. తప్పు చేసినవాణ్ణి నేను బట్టల మీద దుమ్ము దులుపుకుంటూ నిలబడ్డాను.  జెండా ముందు ఊపానని, చూడటం తర్వాత అనుకున్నానని అందరి ముందూ చెప్పేశాను. చీఫ్ వచ్చి నా పక్కన నిలబడ్డాడు. ఆయన కూడా దిగమన్నవాడే కదా.

తర్వాత ఆ అమ్మాయి నాతో అంది, "మీరు జెండా ఊపారు, సార్ దిగమన్నారు. ఇద్దరు పెద్దవాళ్ళు సరేనన్నాక కూడా నాకు మనుషులు కనిపిస్తూనే ఉన్నారు మాస్టారూ. ఏం చెయ్యను? పేడనీళ్ళు పోస్తే పోశారనుకున్నాను."

మధ్యాహ్నం ముసలమ్మ కబురు పంపింది. సాయంత్రం ఊళ్ళోకి రావాలి, ఆ గుంటని వెంటబెట్టుకుని రావాలి. వెళ్ళాం. ఎండ ఇంకా ఉంది. ఊరి మొగదల ఆడవాళ్ళు కుండలతో వరసగా నిలబడ్డారు. కొండ మీంచి మగవాళ్ళు దిగి వస్తున్నారు, ముందు మా బారికి. ఆ రోజు అడవిలో ఒక్క జంతువుకీ ఏ ఇబ్బందీ కలగలేదు. ఒక్కొక్కడూ తల వంచుకుని రావడం, కుండ గుమ్మరించడం, వాడు ముఖం తుడుచుకుని పళ్ళికిలించడం. బారికికి వాళ్ళావిడే పోసింది, సణుగుతూ మరో చెంబు కూడా పోసింది.

చివరివాడి వెనక మా అమ్మాయి వెళ్ళి నిలబడింది. మెడలో గంట ఇంకా ఉంది. "రెండుసార్లు కాళీగా ఎనక్కెళ్ళాను అమ్మమ్మా" అంది. ఊళ్ళోకి రాగానే తన ఇంటి మాట వచ్చేసింది.

"మూడో తూరి దిగీసినావు గదే గుంటా? నీకు నేదు, పో" అంది ముసలమ్మ. అని, గంట పట్టుకు చూసింది. "ఇది ఎవుడు కట్టేడు నీ మెడలోన?"

అందరూ నా వైపు చూశారు. నమ్మకద్రోహులు.

"గొడ్డుకి గంట ఎందుకు కడతారో ఎరుగుదువా బాబూ?"

"తప్పిపోతే... దొరకాలని."

"మరి? ఇంటికి మల్లాలని కడతారు. సిగ్గెట్టడానికి కడతారా?"

చీఫ్ ఊరుకోవచ్చు కదా! "మరి పేడనీళ్ళు సిగ్గుపెట్టడానికి కాదా అమ్మా?" అన్నాడు.

"పోత్తాం, నవ్వుతాం. ఆడు కడుక్కుంటాడు, అన్నం తింటాడు. అయిపోనాది. నా మొగుడు ముప్పై ఏళ్ళు ఏటకెల్లేడు. ఒక్క ఉడతని కొట్టనేదు. ఏటేటా పోసేను. ఏటేటా ఇంటికొచ్చీసేడు. అదే నాకు సాలు."

ఈ మాట అంటూనే చివరి కుండ ఎత్తి నా నెత్తిన గుమ్మరించింది. చల్లగా ఉంది. కాస్త గడ్డి కూడా ఉంది. చీఫ్ ఒక్కసారిగా విరగబడి నవ్వాడు. బారికి పెళ్ళాం దగ్గర సగం కుండ మిగిలిందని ఆయన చూసుకోలేదు. ఆ పెద్ద మీసం రెండువైపులా కిందికి వాలిపోయింది. అప్పుడు నవ్వింది ఆ అమ్మాయి. చాలా వారాల తర్వాత మొదటిసారి, వంగి వంగి, గంట లొటలొటమనేలా నవ్వింది.

చీఫ్ మీసం పిండుకుంటూ ఆ అమ్మాయి దగ్గరికి వెళ్ళాడు. "నీ సోలో లెక్కలోకి వస్తుందమ్మా. రెండు గో-అరౌండ్లతో కలిపి వస్తుంది" అన్నాడు. గంట తనే తీశాడు.

ఆ గంటని మర్నాడు షెడ్డు చూరుకి కట్టాం. ఎవరైనా గో-అరౌండ్ చేస్తే బారికి దాన్ని మోగించాలి. మోగితే కింద ఉన్నవాళ్ళం అందరం చేతిలో పని వదిలేసి రన్‌వే చూడటానికి వెళ్ళాలి. పైనున్నవాడికి ఏదో కనపడింది, అదేమిటో వాడు మళ్ళీ వచ్చేలోగా మనం చూడాలి. ఎర్రజెండా కొత్తది కుట్టించాం. పాతది చాలాకాలం ముసలమ్మ మనవరాలి లంగాగా కనపడింది. ఆ అమ్మాయి ఇప్పుడు పెద్ద విమానాలు నడిపేవాళ్ళకి పాఠాలు చెబుతోంది. నా గురించి కూడా ఒక పాఠం ఉందట, పేరు చెప్పదని మాటిచ్చింది.

పేడనీళ్ళు పడిన రాత్రి స్నానాలయ్యాక రిజిస్టరు తెరిచాను. 'స్థానికుల వల్ల అడ్డంకి' అని రాసేస్తే సరిపోతుందన్నాడు చీఫ్, కానీ గట్టిగా అనలేదు. ఉన్నది ఉన్నట్టు రాద్దామని కలం తీశాను. ఇద్దరి దగ్గరా వాసన ఇంకా వస్తూనే ఉంది. రాశాను. ఆయన చదివి, కింద సంతకం పెట్టాడు.

మరుసటి ఏడు క్యాంపుకి పైనుంచి తనిఖీ అధికారి ఒకాయన వచ్చారు. మితభాషి. రిజిస్టరు పేజీలు ఒక్కొక్కటే తిప్పుతూ ఒకచోట ఆగిపోయారు. పైకి చదివారు.

"వెనుదిరిగినవి, రెండు. కారణం, సేఫ్టీ ఆఫీసరు. తీసుకున్న చర్య, పేడనీళ్ళు." కళ్ళద్దాలు తీసి నా వైపు చూశారు. "ఎవరి మీద?"

"నా మీద సార్."

ఆయన చూపు చీఫ్ మీసం మీదికి వెళ్ళింది. చీఫ్ గొంతు సవరించుకుని, "ఇద్దరి మీదా సార్" అన్నాడు.

ఆయన నవ్వలేదు. సంతకం పెట్టి, కలం మూత బిగించి, "చర్య ఫలించిందా?" అని అడిగారు.

జవాబు చెప్పబోతుంటే బయట చూరుకింద గంట లొటలొటమంది. నేనూ చీఫూ ఆయన్ని అలాగే కుర్చీలో వదిలేసి మిట్ట వైపు పరుగెత్తాం.